సాక్స్-జిమ్ బురదనేల, బూడిదరంగు గూబలు

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన మెడోలాండ్స్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి చుట్టూ ఉన్న కాలువలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఎక్కడా వంపు లేదు. చాలాచోట్ల మైలుకొక కాలువ, కాలువ పక్కన కంకర రోడ్డు. ఫిబ్రవరి నెలాఖరులో ఈ రోడ్ల మీద కార్లు మనిషి నడకకన్నా నెమ్మదిగా పోతుంటాయి. మైనస్ 25 డిగ్రీల చలిలో అద్దాలు దించుకుని, కాలువ గట్టు మీది చెట్ల కొనలను జనం ఒక్కొక్కటిగా వెతుకుతుంటారు. వాళ్లు వెతికేది గ్రేట్ గ్రే ఔల్‌ని, ఉత్తర అడవుల పెద్ద బూడిదరంగు గూబని. దాన్ని చూడడానికి టెక్సాస్ నుంచీ కాలిఫోర్నియా నుంచీ విమానాలెక్కి వస్తారు. ఆ కాలువల్ని ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు, తవ్వినవాళ్లు ఏమైపోయారు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ కథ తెలియకపోతే ఆ గూబ ఆ కొమ్మ మీదే ఎందుకు కూర్చుందో అర్థం కాదని నా నమ్మకం.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యారు. నేను మైనింగ్ చదివి, ఇప్పుడు ఇక్కడి మెసాబి ఇనుప గనుల్లో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మెసాబి రేంజ్‌కి దక్షిణంగా, డులూత్ నగరానికి వాయవ్యంగా 80 కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ బురదనేల. దాన్ని అందరూ సాక్స్-జిమ్ బాగ్ అంటారు. వైశాల్యం దాదాపు 300 చదరపు మైళ్లు, అంటే దాదాపు 780 చదరపు కిలోమీటర్లు. బాగ్ అంటే మన చిత్తడి నేలలు, కొల్లేరు వంటివి కాదు. పదివేల ఏళ్లకు పూర్వం హిమానీనదాలు కరిగినప్పుడు ఇక్కడ ఒక మహా సరస్సు ఏర్పడింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని అప్హామ్ సరస్సు అంటారు. ఆ సరస్సు ఖాళీ అయ్యాక మిగిలిన చదునైన అడుగుభాగమే ఈ నేల. నీరు పోవడానికి వాలు లేదు. అలా నిలిచిన నీటిలో స్ఫాగ్నమ్ అనే నాచు పెరిగింది. అడుగున చచ్చిన నాచు చలికీ ఆమ్లానికీ పూర్తిగా కుళ్లక పొర మీద పొరగా పేరుకుంది. అదే పీట్. దాని మీద కాలు పెడితే తడిసిన దూది పరుపు మీద నడిచినట్టు దిగబడుతుంది. ఆ పీట్ మీద బ్లాక్ స్ప్రూస్, టామరాక్ చెట్లు బతుకుతాయి. వందేళ్ల వయసున్న స్ప్రూస్ చెట్టు కూడా ఒక్కోచోట మణికట్టు లావుకి మించదు.

ఈ నేల ఓజిబ్వే అనే ఆదివాసులది. 1854లో లా పాయింట్ దగ్గర జరిగిన ఒప్పందంతో సుపీరియర్ సరస్సుకి ఉత్తరాన ఉన్న విశాలమైన ప్రాంతం వాళ్ల చేతుల్లోంచి అమెరికా ప్రభుత్వానికి పోయింది. ఖనిజం ఉందన్న ఆశే ఆ ఒప్పందానికి ప్రధాన కారణం. మెసాబి ఖనిజం దొరకడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. 1890లో మెరిట్ సోదరులు మౌంటెన్ ఐరన్ దగ్గర ఇనుప ఖనిజం కనుక్కున్నారు. ఖనిజాన్ని సుపీరియర్ సరస్సు రేవుకి చేర్చడానికి వాళ్లే డులూత్, మిస్సాబే అండ్ నార్తర్న్ రైల్వే వేశారు. 1892లో తొలి ఖనిజం రైలెక్కింది. మరుసటి ఏడే ఆర్థిక సంక్షోభం వచ్చి మెరిట్ సోదరులు అప్పుల్లో కూరుకుపోయారు. గనులూ రైలుమార్గమూ రాక్‌ఫెల్లర్ వశమయ్యాయి. సాక్స్, జిమ్ రెండూ ఆ రైలుమార్గం మీది స్టేషన్లు. జిమ్ పేరు అక్కడ కలప క్యాంపులు నడిపిన జిమ్మర్‌మన్ అనే ఆయన పేరులోంచి వచ్చింది. ఇప్పుడు ఆ రెండు చోట్లా ఊరని చెప్పుకోదగ్గదేమీ లేదు. పేర్లు మాత్రం పక్షిప్రేమికుల నోళ్లలో బతికి ఉన్నాయి.

రైలు రాగానే కలప పోయింది. మిన్నెసోటా ఉత్తర భాగపు వైట్ పైన్ మహావృక్షాల నరికివేత 1900 ప్రాంతంలో పరాకాష్ఠకి చేరింది. చెట్లు పోయాక మోడులు మిగిలాయి. ఆ మోడులున్న నేలని కొన్నవాళ్ల కథ నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది.

1907 వేసవిలో మెసాబి గనుల్లో పెద్ద సమ్మె జరిగింది. ఎనిమిది గంటల పని, మెరుగైన కూలీ అడిగారు కార్మికులు. సమ్మెలో ముందు నిలిచినవాళ్లు ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. కంపెనీలు ఐరోపా దక్షిణ, తూర్పు ప్రాంతాల నుంచి కొత్త కూలీల్ని దింపి రెండు నెలల్లో సమ్మెను విరిచేశాయి. సమ్మె చేసిన ఫిన్నిష్ కార్మికుల పేర్లు బ్లాక్‌లిస్ట్ కెక్కాయి. ఏ గనికి వెళ్లినా పని లేదన్నారు. గనిలో పని లేదు, వెనక్కి పోవడానికి డబ్బు లేదు. నరికేసిన అడవి భూములు, బురదనేలల అంచులు చవకగా దొరికాయి. అలా చాలామంది మోడుల నేల మీదకి రైతులుగా వచ్చారు. మెడోలాండ్స్ పక్కనున్న టోయివోలా ఫిన్నిష్ ఊరే. ముందు ఆవిరి స్నానపు గది కట్టుకుని, అందులోనే కాపురముండి, తర్వాత ఇల్లు కట్టుకునేవారు. డైనమైట్‌తో మోడులు పేల్చి, గుర్రాలతో లాగించి, ఎకరం ఎకరం తెరిపి చేసుకున్నారు. సింగరేణి కాలనీలో సమ్మెల మధ్య పెరిగినవాణ్ణి. సమ్మె ఓడిపోయిన ఇంట్లో పొయ్యి మీద ఏముంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

భూములు అమ్మేవాళ్లకి ఇది మంచి అదను. రైల్వే కంపెనీలు, భూముల వ్యాపారులు ఉత్తర మిన్నెసోటా అంతటా ప్రచారం చేశారు. ఈ నల్లటి నేలని ఎండగడితే గడ్డి, బంగాళాదుంపలు, క్యాబేజీ విరగపండుతాయన్నారు. పీట్ చూడ్డానికి నల్లగా, మెత్తగా, బ్రహ్మాండమైన మట్టిలా కనిపిస్తుంది మరి. రాష్ట్ర చట్టాలు కూడా తోడయ్యాయి. కాలువల తవ్వకానికి కౌంటీలు బాండ్లు అమ్మి డబ్బు తేవచ్చు. కాలువ వల్ల లాభపడతారనుకున్న భూయజమానుల మీద పన్ను వేసి ఆ అప్పు తీర్చుకోవచ్చు. 1910ల ప్రాంతంలో ఆవిరి డ్రెడ్జర్లు బాగ్‌లోకి దిగాయి. తాము తవ్విన కాలువలోని నీటి మీదే తేలుతూ, ముందుకు తవ్వుకుంటూ పోయాయి. తవ్విన పీట్ మట్టిని పక్కన గట్టుగా పోశారు. సర్వే గీతల వెంట తవ్వారు కాబట్టి కాలువలన్నీ తిన్నగా ఉన్నాయి.

నాన్న ఒకసారి శీతాకాలం చివర్లో మా దగ్గరకొచ్చినప్పుడు ఈ కాలువ గట్టు మీద నిలబెట్టి చూపించాను. భూమిలోపల నీళ్లతో జీవితమంతా వేగిన మనిషి. బాయిలో నీళ్లెటు పారతాయో, పంపు ఎక్కడ పెట్టాలో చూపుతోనే అంచనా కట్టగలరు. కాసేపు అటూ ఇటూ చూశారు.

"నీళ్లెటు పోవాలె బిడ్డా? వాలు లేదు గదా!"

"దూరంగా సెయింట్ లూయీ నది ఉంది నాన్నా. అందులోకి పోతాయనుకున్నారు."

"పోవు. ఇంత చదును నేలల ఎంత తోడినా గుంట అయితది గని, కాలువ గాదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పీట్ నీటిని పట్టి ఉంచుతుంది. కాలువకి ఆనుకుని ఉన్న కొద్ది గజాల మేర నేల ఎండుతుంది. అంతకు మించి లోపలికి వెళితే నీరు కదలదు. ఎండిన చోట పీట్ కుంగిపోతుంది. కుంగితే కాలువ మట్టంతో నేల మళ్లీ సమానమవుతుంది. అసలే ఆ మట్టిలో పోషకాలు లేవు. పైగా పల్లంలో చల్లగాలి నిలిచి వేసవి మధ్యలో కూడా గడ్డమంచు పట్టి పంట మాడిపోతుంది. గడ్డి తప్ప మరేదీ నమ్మకంగా పండలేదు.

ఎండిన పీట్‌తో ఇంకో ప్రమాదం ఉంది. అది అంటుకుంటే నేల లోపలే వారాల తరబడి రగులుతుంది. ఓపెన్‌కాస్టు దగ్గర బొగ్గు కుప్ప లోపల్లోపల కాలడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. 1918 అక్టోబరు నాటికి ఈ ప్రాంతమంతా కరువుతో ఎండిపోయి ఉంది. బాగ్‌కి దక్షిణాన బ్రూక్‌స్టన్ దగ్గర రైలింజను నిప్పురవ్వలతో రాజుకున్న మంటలు అక్టోబరు 12న ఈదురుగాలికి దావానలమయ్యాయి. క్లోకే పట్టణం దాదాపు బూడిదైంది. ఆ ఒక్కరోజు మంటల్లో 453 మంది చనిపోయారు. మిన్నెసోటా చరిత్రలో అంతమందిని బలిగొన్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు. రైళ్లు అప్పుడు యుద్ధకాలపు ఏర్పాటు కింద ప్రభుత్వ నిర్వహణలో ఉండడంతో నష్టపరిహారం కోసం బాధితులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరి చెల్లింపులకి 1935లో గాని అనుమతి రాలేదు.

కాలువ పన్ను మాత్రం ఏటా వచ్చింది. పంట పండినా పండకపోయినా కట్టాల్సిందే. 1920ల్లో ధరలు పడిపోయాయి, 1930ల్లో మహామాంద్యం వచ్చింది. పన్నులు కట్టలేక ఉత్తర మిన్నెసోటాలో లక్షల ఎకరాలు జప్తయ్యాయి. వాటిలో చాలా భాగాన్ని ఇవాళ్టికీ కౌంటీలే చూసుకుంటున్నాయి. సెయింట్ లూయీ కౌంటీ చేతిలో అలాంటి భూమి దాదాపు 9 లక్షల ఎకరాలుంది. మెడోలాండ్స్ చుట్టుపక్కల తిరిగితే ఒరిగిన కొట్టాలు, కప్పు కూలిన ఆవిరి స్నానపు గదులు, వాకిట్లో ఎవరో ఎప్పుడో నాటిన లైలాక్ పొదలు కనిపిస్తాయి. కొందరు మాత్రం పోలేదు. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ ఇక్కడే ఉండి వేసవిలో గడ్డి కోస్తున్నారు.

పక్షి కథ ఇక్కడ కలుస్తుంది. గ్రేట్ గ్రే గూబకి గుడ్లు పెట్టడానికి, దాక్కోవడానికి దట్టమైన అడవి కావాలి. వేటకి మాత్రం తెరిపి నేల కావాలి. దానికి ఆహారం వోల్ అనే పొట్టితోక చిట్టెలుక. వోల్‌కి కావలసింది గడ్డి. ఎండగట్టడం విఫలం కావడం వల్ల స్ప్రూస్ అడవి మిగిలింది. ఆ అడవి అంచునే రైతులు తెరిపి చేసిన గడ్డిమైదానం మిగిలింది. రెండింటి మధ్యా కాలువ గట్టు, గట్టు మీద కూర్చోవడానికి కంచె గుంజలు, ఎండుకొమ్మలు. కాలువలు పనిచేసి ఉంటే బాగ్ ఉండేది కాదు. రైతులు రాకుండా ఉంటే ఈ గడ్డిమైదానాలు ఇంత విరివిగా ఉండేవి కావు. పక్షుల గైడు పుస్తకాలు రోడ్ల పేర్లు చెప్తాయి, ఏ మలుపులో ఏ గూబ కనిపించిందో చెప్తాయి. ఆ మైదానాన్ని తెరిపి చేసింది పేర్లు బ్లాక్‌లిస్ట్ కెక్కిన గని కార్మికులని కూడా వాటిలో ఒక వాక్యం ఉండాలి.

గూబ వేట ఎలా ఉంటుందో చెప్పాలి. మార్చి మొదట్లో, పొద్దు వాలుతున్న వేళ, మెక్‌డేవిట్ రోడ్డు పక్కన టామరాక్ మోడు మీద కూర్చుని ఉంది. పొడవు రెండడుగుల పైనే. బరువు మాత్రం కిలోకి కాస్త ఎక్కువ. మిగతా పెద్దతనమంతా ఈకలే. మొహం గుండ్రటి పళ్లెం, అందులో వలయాలు వలయాలుగా బూడిద గీతలు, మధ్యలో చిన్న పసుపు కళ్లు, గడ్డం కింద తెల్లటి బో టై. మనల్ని ఒకసారి చూసి లెక్క చెయ్యకుండా తల తిప్పేసుకుంటుంది. తర్వాత మంచు వైపు మొహం వంచి అలాగే ఉండిపోతుంది. అది చూడడం లేదు, వింటోంది. ఆ పళ్లెం మొహం చప్పుడుని చెవుల్లోకి మళ్లిస్తుంది. చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు కాబట్టి చప్పుడు ఏ దిశ నుంచి, ఎంత కింద నుంచి వస్తోందో తెలుస్తుంది. మంచు కింద, నేలకీ మంచుకీ మధ్య ఉన్న సందులో వోల్ గడ్డి కొరుకుతూ తిరుగుతుంటుంది. గూబ రెక్కలు విప్పి మంచు మీదుగా తేలిపోయింది. చప్పుడు లేదు. ఒకచోట గాలిలోనే రెక్కలాడిస్తూ ఆగింది. మొహం తిన్నగా కిందికి. ఆపైన కాళ్లు ముందుకి చాచి ఛాతీ దాకా మంచులో పడిపోయింది. రెక్కలు రెండు పక్కలా మంచు మీద పరుచుకున్నాయి. కాసేపు అలాగే ఉండి, వొంగి, ముక్కుతో ఏదో అందుకుని, రెండు గుటకల్లో మింగేసింది.

ఆ గాలిలో ఆగడం ఎందుకో 2022లో ఒక పరిశోధన తేల్చింది. క్రిస్టఫర్ క్లార్క్ బృందం కెనడాలోని మనిటోబా అడవుల్లో గూబలు వేటాడిన చోట మంచులో గుంటలు తవ్వి, అడుగున స్పీకర్లు పెట్టి చప్పుడు ఎలా పైకొస్తుందో కొలిచింది. మంచు చప్పుడులోని సన్నని స్వరాల్ని మింగేస్తుంది, మిగిలిన దాన్ని వంచుతుంది. అందువల్ల దూరం నుంచి వింటే ఎలుక ఉన్నచోట కాక పక్కన ఉన్నట్టు వినిపిస్తుంది. నేరుగా నెత్తి మీదకి వచ్చి వింటేనే ఆ వంపు ఉండదు. అరమీటరు దాకా మంచు కింద ఉన్న ఎలుకను కూడా ఈ గూబ అందుకోగలదు. మనిషి బరువుని మోసే మంచు పెచ్చుని పగలగొట్టుకుని దిగినట్టు కూడా పరిశోధకులు నమోదు చేశారు. అయినా శీతాకాలం చివరి రోజులే దానికి గడ్డుకాలం. ఫిబ్రవరి ఎండకి పైమంచు కరిగి, రాత్రికి గడ్డకట్టి, రోజుకింత పెచ్చు గట్టిపడుతుంది. అప్పుడు గూబలు రోడ్డు పక్కలకీ కాలువ గట్లకీ చేరతాయి. అందుకే ఈ నెలల్లోనే మనకి ఎక్కువగా కనిపిస్తాయి.

ఇలా చూసి ఊరుకోవడం కూడా పాత అలవాటేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో అరుదైన పక్షిని చూశానంటే నమ్మేవారు కాదు. కాల్చి తెచ్చి చర్మం చూపించాలి. క్రిస్మస్ రోజున జట్లుగా తుపాకులతో బయల్దేరి ఎవరెక్కువ పక్షుల్ని, జంతువుల్ని చంపితే వాళ్లు గెలిచినట్టని ఆడుకునేవారు. దాని బదులు పక్షుల్ని లెక్కపెడదామని 1900లో పక్షి శాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ పిలుపునిస్తే ఆ ఏడు 25 చోట్ల 27 మంది ముందుకొచ్చారు. ఆ క్రిస్మస్ లెక్కింపు ఇవాళ్టికీ సాగుతోంది. మిన్నెసోటాలో ఈ మార్పుని నడిపించినవాడు థామస్ సాడ్లర్ రాబర్ట్స్. వృత్తికి డాక్టరు. 1932లో 'మిన్నెసోటా పక్షులు' అనే రెండు సంపుటాల పుస్తకం తెచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1931–32లో, మన హైదరాబాద్ రాజ్యంలో సలీం అలీ పక్షుల సర్వే చేస్తున్నాడు. డులూత్ కొండ మీద వలస డేగల్ని సరదాకి కాల్చేవారు. స్థానిక పక్షి సంఘం పట్టుబట్టి 1940ల్లో దాన్ని మాన్పించింది. ఆ కొండే ఇప్పటి హాక్ రిడ్జ్ పక్షి కేంద్రం. గూబలకీ డేగలకీ సమాఖ్య చట్టపు రక్షణ వచ్చింది 1972లో. అప్పటిదాకా చాలాచోట్ల కోళ్లని ఎత్తుకుపోతాయన్న అనుమానం చాలు, కాల్చడానికి. మా వైపు కూడా గూబంటే గిట్టదు. ఇంటి మీద వాలితే చావు కబురనీ అరిస్తే కీడనీ రాళ్లేసి తోలతారు. ఏ నేల మీదైనా ఈ పక్షికి మనిషి భయం వల్ల జరిగిన అన్యాయం తక్కువ కాదు.

సాక్స్-జిమ్ పేరు ఊరూరా తెలిసింది 2004–05 శీతాకాలంలో. అంతకు ముందు నుంచే పక్షిప్రేమికులకు ఈ చోటు తెలుసు. కిమ్ ఎకర్ట్ 1974లో తొలిసారి వెలువరించిన మిన్నెసోటా పక్షుల దారి పుస్తకం ఎందరినో ఉత్తరాదికి నడిపించింది. ఉత్తర కెనడా అడవుల్లో వోల్‌ల సంఖ్య కొన్నేళ్లకొకసారి పెరిగి కుప్పకూలుతుంది. 2004లో అలా కూలింది. తిండి లేక గూబలు దక్షిణానికి దిగాయి. ఆ శీతాకాలం మిన్నెసోటాలో నమోదైన గ్రేట్ గ్రే గూబలు 5 వేలు దాటాయి. వాటితోపాటు వందల సంఖ్యలో హాక్ ఔల్‌లు, బోరియల్ ఔల్‌లు వచ్చాయి. అప్పటి వరకు పెద్ద వలస అనుకున్న 1995–96లో కనిపించినవి కొన్ని వందలు మాత్రమే. ఒక్క పొలంలో పది గూబలు, ఒక్క రోడ్డు వెంట పాతిక గూబలు చూశామని అప్పుడున్నవాళ్లు ఇప్పటికీ కళ్లు పెద్దవి చేసి చెప్తారు. రోడ్ల అంచున గడ్డిలో ఎలుకలుంటాయి, ఆ ఎలుకల కోసం తక్కువ ఎత్తులో ఎగురుతూ కార్లకి తగిలి వందల గూబలు చచ్చిపోయాయి. ఆకలితో అడవి దాటి వచ్చినవి తారురోడ్డు మీద పోయాయి. ఆ సంఖ్య తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఆ తర్వాత మెడోలాండ్స్ బతుకులో కొంత మార్పొచ్చింది. 2008లో, ఫిబ్రవరి నడుమ జరిగే పక్షుల పండగ మొదలైంది. కమ్యూనిటీ హాలులో భోజనాలు, తెల్లవారకముందే బయల్దేరే బస్సులు. 2011లో ఫ్రెండ్స్ ఆఫ్ సాక్స్-జిమ్ బాగ్ అనే సంస్థ పుట్టింది. ప్రకృతి ఫోటోగ్రాఫర్ స్పార్కీ స్టెన్సాస్ దాని వ్యవస్థాపకుడు. చందాలు పోగుచేసి బాగ్ భూముల్ని ముక్క ముక్కగా కొని కాపాడుతున్నారు. 2014లో వెల్కమ్ సెంటర్ కట్టారు. వందేళ్ల కిందట ఎండగట్టడానికి అమ్మిన భూమిని ఇప్పుడు తడిగా ఉంచడానికి కొంటున్నారు. ఈ పని నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

గూబ కనిపించని రోజున అడ్మిరల్ రోడ్డుకి పోవాలి. అక్కడ చెట్టు మొద్దులకి వేరుశనగ వెన్న పూసి ఉంటుంది. కొమ్మకి జింక పక్కటెముకల గూడు వేలాడుతుంటుంది. వేటగాళ్లు వదిలేసిన దాన్ని తెచ్చి కడతారు. ఎముకల మధ్య మిగిలిన కొవ్వు కోసం బ్లాక్-క్యాప్డ్ చికడీలు, వడ్రంగిపిట్టలు వరసకడతాయి. అందరూ ఎదురుచూసేది బోరియల్ చికడీ కోసం. గోధుమరంగు టోపీ, గోధుమరంగు పక్కలు. బొటనవేలంత పిట్ట. ఒక్క క్షణం వచ్చి, వెన్న ముద్ద అందుకుని, చీకటి స్ప్రూస్‌లోకి వెళ్లిపోతుంది. రాత్రి మైనస్ 35కి పడినా అది బతికే ఉంటుంది. ఇక్కడికి ఉత్తరాన ఉన్న టవర్ అనే ఊరిలో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది, రాష్ట్రంలో అదే రికార్డు. అలాంటి రాత్రుల్ని కూడా ఈ జాతి దాటింది. కెనడా జే ఇంకా విచిత్రం. వేసవిలో దొరికిన తిండిని జిగురు ఉమ్మితో ముద్దలు చేసి చెట్ల బెరడు సందుల్లో వేల చోట్ల దాస్తుంది. ఆ నిల్వ నమ్ముకుని మంచు కరగకముందే, ఫిబ్రవరి చివర్లో, గూడు కట్టడం మొదలుపెడుతుంది. శీతాకాలాలు వెచ్చబడితే, చలి చెడకుండా కాపాడే ఆ నిల్వ పాడైపోతుంది.

వెచ్చదనం ఇంకో వైపు నుంచీ వస్తోంది. 2000 ప్రాంతం నుంచి టామరాక్ చెట్లని లార్చ్ బీటిల్ అనే పురుగు తినేస్తోంది. చలి సరిపోక, వేసవి పొడుగై, ఆ పురుగు ఒకే ఏడాదిలో రెండో తరాన్ని కూడా కనగలుగుతోంది. మిన్నెసోటాలో లక్షల ఎకరాల టామరాక్ అలా దెబ్బతింది. ఒకప్పుడు గుంపులు గుంపులుగా దిగిన ఈవెనింగ్ గ్రోస్‌బీక్ పసుపు పిట్టలు ఖండమంతటా బాగా తగ్గిపోయాయి. కొన్ని చోట్ల గడ్డిమైదానాలు కోసేవాళ్లు లేక పొదలతో కమ్ముకుపోతున్నాయి. అక్కడ గూబకీ షార్ప్-టెయిల్డ్ గ్రౌస్ అనే పక్షికీ పని లేదు. అడవినీ కాపాడాలి, రైతు గడ్డి కోసే చోటునీ కాపాడాలి. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని కాపాడితే ఈ నేల నిలవదు.

ఇక్కడికి రావాలనుకునే తెలుగువాళ్లకి నాదొక విన్నపం. ఫోటో కోసం గూబ ముందుకి దుకాణంలో కొన్న ఎలుకని విసరకండి. కొందరు ఆ పని చేస్తారు. దాని వల్ల గూబ మనుషుల కార్లకి అలవాటుపడి రోడ్డు మీదకొస్తుంది. ఇంజను ఆపి, కారులోనే కూర్చుని చూడండి. కంచె దాటి రైతు పొలంలోకి దిగకండి.

రాలేనివాళ్లకి ఇంకో విన్నపం. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. ఇది 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. పావుగంట చాలు, కళాశాల ఆవరణలోనో ఊరి చెరువు గట్టు మీదో చేయొచ్చు. లెక్కింపు జాబితాలో పక్షి పేరు, సంఖ్య రాసి ఊరుకోకండి. మీరు నిలబడ్డ చెరువుని ఎవరు తవ్వించారో, గండి ఏ ఏడు పడిందో, తుమ్మతోపు ఎవరు పెంచారో, అక్కడి పొలం వదిలేసి పోయినవాళ్లెవరో ఊరి పెద్దల్ని అడిగి, తేదీలతో సహా, వేరే నోటుపుస్తకంలో రాసి పెట్టండి.